ఆకుకూరల పరీక్ష: సహకార సంఘముల కర్తవ్యము

అన్నము తరువాత మన ప్రాంతపు బీదసాదల యిండ్లలో నిత్యము కనబడు పదార్థము ఆకుకూర. జగిత్యాల అంగడిలోనైనను, కోరుట్ల బజారులోనైనను, సిరిసిల్ల మరమగ్గముల వాడలలోనైనను తెల్లవారుచుండగనే తోటకూర, పాలకూర, పుంటికూర, మెంతికూర, కొత్తిమీర, పుదీనా కట్టలు గంపలలో దిగును. వీనిని పండించువాడు సాధారణముగ ఎకరము, అరయెకరము నేలగల చిన్నకాపు; పెక్కుచోట్ల అమ్మునది అతని యిల్లాలు; కొనునది బీడీలు చుట్టు స్త్రీ, మగ్గము నడపు నేతగాడు, బిడ్డలను బడికి పంపు తల్లి. నెల దినములలో చేతికి డబ్బు తెచ్చు పంటలు మనకు కొలదియే. వానిలో ఇది ముఖ్యమైనది. కావున ఆకుకూరను గూర్చి ప్రజలకు భయము పుట్టించుట మా యుద్దేశము ఎంతమాత్రమును కాదు. మన కూర శుభ్రమైనదని నోటిమాటతో గాక ఋజువుతో చెప్పగల స్థితికి మన సంఘములు రావలెననియు, అది మన శక్తికి మించిన పని కాదనియు చెప్పుటయే మా తలంపు.

ఆకును తొలుచు పురుగు కంటికి కనబడును. దానికి మందు చల్లుదుము. ఆకునకు ఏ హానియు చేయక, దానిని తిన్న మనుష్యుని కడుపున చేరి బాధించు జీవులు వేరుగ కలవు. వీనిని పరాన్నజీవులందురు. ఏలికపాము, కొరడాపురుగు, బద్దెపురుగు మొదలగునవి పురుగుజాతివి. అమీబా, జియార్డియా, క్రిప్టోస్పోరిడియం, సైక్లోస్పోరా అనునవి ఒకే కణముగల అతిసూక్ష్మ జీవులు. ఆడ ఏలికపాము ఒక్కటి దినమునకు 2,00,000 వరకు గ్రుడ్లు పెట్టగలదు. అవి మలముతో బయటపడి, తడినేలలో ఏండ్ల తరబడి చెడకుండ ఉండగలవు. గ్రుడ్డు మిల్లీమీటరులో ఇరువదవ వంతు మాత్రముండును. పైని బంకవంటి పొర యుండుటచే దేనిని తాకిన దానికి అంటుకొనును. చీలికలును ముడుతలును గల కొత్తిమీర, పుదీనా ఆకులు వానికి మంచి దాగుడుచోట్లు.

వీనిలో ఘోరమైనది పందిమాంసముద్వారా వచ్చు బద్దెపురుగు. ఆ పురుగుగల మనుష్యుని మలములోని గ్రుడ్లు కూరద్వారా మరియొకని నోటబడినచో, పిల్లపురుగులు మెదడునకు చేరి తిత్తులు కట్టి మూర్ఛలు పుట్టించును. జన్మములో మాంసము ముట్టని వానికిని ఈ మూర్ఛ రావచ్చును. ఐక్యరాజ్యసమితివారి ఆహార వ్యవసాయ సంస్థయు, ప్రపంచ ఆరోగ్య సంస్థయు 2012లో నిపుణులను సమావేశపరచి, ఆహారముద్వారా వచ్చు 24 విధముల పరాన్నజీవులను హానినిబట్టి వరుసపెట్టించినవి. 2014లో వెలువడిన ఆ పట్టికలో మొదటి స్థానము దీనిదే.

మన యిండ్లలో కూరను ఉడికించియే తిందుము గదా, భయమేల? అని కొందరడుగుదురు. ప్రశ్న న్యాయమైనది. పప్పులో మరగిన తోటకూరవలనను, పొయ్యిమీద ఉడికిన పుంటికూరవలనను భయము లేదు; ఈ విషయమున మన వంట మనకు పెట్టని కోట. కాని కొత్తిమీరను గిన్నె దించిన పిదప పైన చల్లుదుము. పుదీనాను పచ్చిగనే నూరుదుము. ఉల్లికాడలు, ముల్లంగి, కీరదోస పచ్చివే నములుదుము. మట్టి యంటిన ఆకుకూర తరిగిన కత్తిపీటమీదనే, దానిని కడుగకయే, పచ్చి ఉల్లిగడ్డను తరుగుదుము. ఉప్పునీటిలోనో, పర్మాంగనేటు నీటిలోనో ముంచిన చాలునను నమ్మకమును కలదు. కడుగుటచే కొన్ని గ్రుడ్లు రాలిపోవుట నిజమే. కాని వంటింటిలో వాడు ఆ ద్రవములు ఏలికపాము గ్రుడ్డును చంపవు. త్రాగునీటికి వేయు క్లోరిను సయితము ఏలికపాము గ్రుడ్లపైనను, క్రిప్టోస్పోరిడియముపైనను పనిచేయదనియే చెప్పవలెను. కావున పరీక్ష యవసరమైనవి అన్ని కూరలును కావు. పచ్చిగ తినబడునవి మొదటివి. ఈ యొక్క విభజనచేతనే పరీక్షల సంఖ్యయు, దానితో ఖర్చును చాల తగ్గిపోవును.

కొనువానికంటె ముందు ఈ హాని పండించువానికే కలుగునని మన కాపులు తెలిసికొనవలెను. హైదరాబాదు నగరపు మురుగును మోయు మూసీనది వెంట సేద్యముచేయు కుటుంబములను పరిశోధకులు పరీక్షించి 2008లో ఫలితములు ప్రకటించిరి. శుభ్రమైన నీటితో సేద్యముచేయు వారికంటె, శుద్ధిచేయని మురుగునీటితో చేయువారి యిండ్లలో కొంకిపురుగును, ఏలికపామును ఎక్కువగ కనబడినవి. కొంకిపురుగు నోటికంటె పాదముద్వారా ఎక్కువగ ప్రవేశించును. చెప్పులులేక తడిమడిలో నిలిచిన వారి చర్మమును తొలుచుకొని లోనికి పోయి, ప్రేగులకు కరచుకొని రక్తము పీల్చును. మన ప్రాంతమునుండి మగవారు గల్ఫు దేశములకు పోయిన యిండ్లలో మడిపని చాలవరకు స్త్రీలమీదనే పడుచున్నది. ఇదివరకే రక్తము తక్కువైయున్న తల్లికి ఈ పురుగు తోడైనచో ఆ యింటి గతి యేమి? 2015 మొదలుకొని ప్రభుత్వము ఫిబ్రవరి, ఆగస్టు నెలలందు నులిపురుగుల నివారణ దినము జరిపి, 1 మొదలు 19 ఏండ్ల వారికి ఆల్బెండజోల్ మాత్ర నిచ్చుచున్నది. మంచి పనియే. కాని మాత్ర కడుపులోని పురుగును చంపును. రేపటి కూరతో మరల వచ్చు గ్రుడ్డును ఆపలేదు. దానిని ఆపవలసినవారము పంట పండించు మనమే.

అయితే తప్పంతయు కాపుదేనా? కాదు. పాకిస్తానునందలి ఫైసలాబాదు నగరమున మురుగునీటితో పండించిన కూరలను పరిశోధకులు చేనిలో ఒకమారును, అంగడిలో ఒకమారును పరీక్షించిరి. 2007లో ప్రకటితమైన ఆ ఫలితముల ప్రకారము చేనిలోని కూరలపై సగటున గ్రాముకు 0.7 గ్రుడ్లుండగా, అంగడిలోని కూరలపై 2.1 కనబడినవి. అనగా మురుగునీరు పారిన చేనిలోనికంటె అంగడిలో కల్మషము మూడింతలుగ నున్నది. మన అంగళ్లలోను కట్టలను వాడకుండ ఉంచుటకు దొరికిన నీరెల్ల చల్లుటయు, మోరిప్రక్కనే నేలమీద పరచుటయు, బాటప్రక్క గుంటలలో ముంచుటయు కలదు. తిలాపాపము తలా పిడికెడు అన్నట్లు నీరు, ఎరువు, కోసిన చేయి, మోసిన గంప, అమ్మిన చోటు అన్నియు ఇందులో పాలుగలవే. ఏది యెంత పాలుగలదో ఊహతో తేల్చరాదు, పరీక్షతోనే తేల్చవలెను. పరీక్ష కాపుకు శత్రువని యెంచువారు ఈ సంగతి గమనింపవలెను. చేనిగట్టున తీసిన ఆకు శుభ్రమనియు, అంగడిలో తీసినది కాదనియు తేలిననాడు కాపును నిందించువారి నోరు మూతపడును.

ఇట్టి పరీక్ష మహావ్యయముతో కూడినదని తలచువారు కలరు. పరీక్షలలో తారతమ్యములున్నవి. ఆకుకూరలందు క్రిప్టోస్పోరిడియం, జియార్డియాలను కనుగొను విధానమునకు అంతర్జాతీయ ప్రమాణముల సంస్థ 2016లో 18744 అను సంఖ్యతో ఒక ప్రమాణమును వెలువరించినది. దానికి వెలగల రసాయనములును పరికరములును కావలెను. మనము మొదలుపెట్టవలసినది అక్కడ కాదు. పురుగుల గ్రుడ్లను చూచుటకు సులువైన పాతపద్ధతి యున్నది. పావుకిలో ఆకును కొంచెము సబ్బుమందు కలిపిన శుభ్రజలములో బాగుగ జాడించి, ఆకును తీసివేసి, ఆ నీటిని రాత్రియంతయు కదలక తేరనిచ్చి, పైనీరు వంచి, అడుగుమడ్డిని గిరగిర త్రిప్పు యంత్రములో వేసి చిక్కబరచి, సూక్ష్మదర్శనిక్రింద చూతురు. ఆ మడ్డిని చిక్కని ఉప్పునీటిలో కలిపినచో మట్టి క్రిందికి దిగి, ఏలికపామువంటి వాని గ్రుడ్లు పైకి తేలును. ఒక చుక్క అయోడిను వేసినచో అమీబా, జియార్డియాల కోశములును గుర్తుపట్ట వీలగును. క్షయరోగి కఫమునకు పూయు రంగును కొంచెము మార్చి పూసినచో సైక్లోస్పోరా, క్రిప్టోస్పోరిడియములును బయటపడును. ఇందులో ఉప్పు, సబ్బు, అయోడిను వెల యెంత? అసలు వెల చూచువాని కంటికిని, అనుభవమునకును చెల్లవలసినది.

ఆ కన్నును ఆ అనుభవమును మనము దూరదేశమునకు పోయి వెదుకనక్కరలేదు. కోరుట్లలో పశువైద్య కళాశాల యున్నది. పశువుల పేడను ఉప్పునీటిలో తేల్చి పురుగుల గ్రుడ్లను లెక్కించుట పశువైద్య విద్యార్థులు నేర్చు నిత్యపాఠము. జగిత్యాలలో 2022లోను, సిరిసిల్లలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనవి. రోగుల మలమును పరీక్షించి ఈ జీవులనే గుర్తించుట వైద్యవిద్యలో భాగము. జగిత్యాల సన్నాలవంటి వరివంగడములను మనకిచ్చిన పొలాస పరిశోధనాస్థానమును, దానితోడి వ్యవసాయ కళాశాలయు జగిత్యాల చెంతనే యున్నవి. సిరిసిల్ల ప్రాంతమునను వ్యవసాయ కళాశాల యున్నది. పనివారున్నారు, సూక్ష్మదర్శనులున్నవి, నేర్చుకొనగోరు విద్యార్థులున్నారు. పేడను చూచు కన్ను ఆకును కడిగిన నీటినిగూడ చూడగలదు. ఆకుకూరలకును ఈ పని నిర్ణీతమైన రుసుమునకు చేసిపెట్టుమని సంఘములు కూడి అడుగవలెను. అడుగనిదే అమ్మయైన పెట్టదు గదా!

చట్టము మనకు దారి చూపకపోలేదు. 2006 నాటి ఆహారభద్రత, ప్రమాణముల చట్టములోని 40వ సెక్షనుచొప్పున, వస్తువును కొన్న ఎవడైనను రుసుము చెల్లించి దానిని ఫుడ్ అనలిస్టుచే పరీక్షింపజేసికొనవచ్చును. కాని సిరిసిల్లలో కొన్న కొత్తిమీర కట్టను హైదరాబాదు నాచారములోని రాష్ట్ర ఆహార ప్రయోగశాలకు కొనిపోవువాడెవడు? దారిలోనే కట్ట వాడును. బస్సు ఛార్జికి ఒక గంపెడు కొత్తిమీర వచ్చును. హక్కు కాగితముమీద నున్నంత మాత్రమున బీదవానికి ఒరిగినది లేదు. హక్కును అందుబాటులోనికి తెచ్చుట సహకార సంఘముల పని.

ఇక ఖర్చు. ఒక్కొక్క కాపు తన మడికూరను వేరువేరుగ పరీక్షింపజేయుట దండుగ. అమెరికాలో రాబర్ట్ డార్ఫ్‌మన్ అను పండితుడు 1943లో, సైన్యమున చేరువారి రక్తమును ఒక్కొక్కరిదిగ గాక పెక్కుమందిదానిని కలిపి పరీక్షించు ఉపాయమును ప్రకటించెను. 2020లో కరోనా దినములందు మన భారత వైద్య పరిశోధన మండలియు 5 నమూనాలకు మించకుండ కలిపి పరీక్షింపవచ్చునని సూచించినది. అదే లెక్క ఇచ్చట చూతము. ఒక సంఘమున 20 మంది ఆకుకూర కాపులున్నారనుకొందము. ఐదుగురి ఆకును ఒకటిగ చేర్చి 4 పరీక్షలు చేయింతుము. మూడు జట్లలో ఏమియు కనబడక, ఒక జట్టులో గ్రుడ్లు కనబడినచో, ఆ ఐదుగురి కూరనే విడివిడిగ చూతుము. మొత్తము 9 పరీక్షలతో పని ముగియును, 20 అక్కరలేదు. ఆ తొమ్మిదింటి రుసుమును 20 మంది పంచుకొనినచో ఒక్కొక్కరి వంతు ఒక పరీక్ష వెలలో సగమునకంటె తక్కువ. సంఘపు లాభములోనుండి కొంత, సభ్యుల చందాలోనుండి కొంత తీసినచో ఎవ్వరికిని భారముగాదు. మలినము చాల చోట్ల నున్నచో ఈ లెక్క లాభింపదు నిజమే. అప్పుడు ఆకును వదలి నేరుగ నీటినే పరీక్షించుట మేలు. పచ్చిగ తిను పంటలకు పారు నీటిలో లీటరుకు ఒక పురుగుగ్రుడ్డుకు మించి యుండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లోనే సూచించియున్నది. ఒక కాలువనుండి పదిమంది నీరు పెట్టుచున్నచో, ఆ కాలువకు ఒక పరీక్ష పదిమందికిని చెల్లును.

పరీక్ష యొక్క పరిమితులను దాచుట న్యాయము కాదు. ఆ పావుకిలో ఆకులో ఏమియు కనబడనంత మాత్రమున ఆ మడిలోని కూరయంతయు నిర్దోషమని చెప్పరాదు. కనబడిన గ్రుడ్డు జీవముతో నున్నదో చచ్చినదో సామాన్య సూక్ష్మదర్శని తెలుపదు. పంది బద్దెపురుగు గ్రుడ్డును, ఆవు బద్దెపురుగు గ్రుడ్డును ఒక్కతీరుననే యుండును. కావున ఒక్కమారు పరీక్షించి చీటి గోడకు అంటించుట వ్యర్థము. వానకాలమున మోరులు పొంగి ఒర్రెలలో కలియునపుడు ఒకమారు, ఎండకాలమున నీరు తగ్గి చిక్కబడినపుడు ఒకమారు, అనుమానము కలిగినపుడెల్ల మరియొకమారు చూడవలెను. పరీక్ష తీర్పు కాదు. అది దారిచూపు దీపము.

ఫలితము బయటపడినచో మా కూర ఎవరు కొందురు? అను భయమే అన్నిటికంటె పెద్ద అడ్డంకియని మాకు తెలియును. దీనికి మెక్సికోలోని ప్వెబ్లా ప్రాంతపు కొత్తిమీర కథ తగిన సమాధానము. అమెరికాలో ప్రతి ఎండకాలమును సైక్లోస్పోరావలన విరేచనములు ప్రబలగా, అధికారులు ఆ ప్రాంతపు తోటలను చూచిరి. కొన్ని తోటలలో మనుష్యమలము పడియుండుటయు, పనివారికి సరియైన మరుగుదొడ్లు లేకుండుటయు కనబడెను. 2015లో ఏప్రిలు 1 మొదలు ఆగస్టు 31 వరకు ప్వెబ్లా కొత్తిమీరను తమ దేశములోనికి రానీయకుండ నిలిపిరి. కొన్ని తోటల దోషమునకు ప్రాంతమంతయు దండన ననుభవించెను. తమ తోట శుభ్రమని ప్రభుత్వముద్వారా ఋజువు చూపగలిగినవారికి మాత్రమే మినహాయింపు దొరికెను. నిజమును దాచినవాడు గాక, నిజమును చూపగలిగినవాడు బ్రతికినాడు. మన కూర సముద్రములు దాటకపోవచ్చును. కాని ఒక బడిలో పదిమంది పిల్లలు వాంతిచేసికొనిననాడు, ఏ కూరయో తేలకమునుపే అందరి గంపలును మూలబడును. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుటకంటె, ఆకులను ముందుగనే చూచుకొనుట మేలుకాదా?

అయినను కాపు మానమును కాపాడుట సంఘపు బాధ్యత. మొదటి ఫలితము కాపునకును సంఘ కార్యదర్శికిని మాత్రమే తెలియవలెను. దోషము కనబడిన మడికూరను ఉడికించి తినునదైనచో ఆ మాట చెప్పి అమ్మవలెను. పచ్చిగ తినునదైనచో ఆ కోతను అంగడికి పంపరాదు. ఆ నష్టములో కొంత సంఘము భరింపవలెను; లేనిచో నిజము చెప్పువాడుండడు. దోషమును సవరించి రెండవమారు పరీక్షకు నిలిచిన వాని పేరు మాత్రము బాహాటముగ చెప్పి గౌరవింపవలెను.

సవరణలు కష్టమైనవి కావు. మోరినీరు కలియు ఒర్రెనుండి తోడుట మాని, బావినీరో బోరునీరో పెట్టుట. ఆ వీలు లేనిచో నీటిని మడుగున తేరనిచ్చి పైనీరు వాడుట. తలమీద చల్లక మొదళ్లకే పారించుట. బిందుసేద్యము వీలైనచోట దానిని పెట్టుట. పచ్చిపెంటను కూరమడిలో చల్లక, కుప్పవేసి, లోపలి వేడి 55 డిగ్రీలకు చేరి కొన్ని దినములు నిలుచునట్లు తిరుగవేయుచు మాగబెట్టుట. మడికి దగ్గర మరుగుదొడ్డియు, చేతులు కడుగుకొన నీరును సబ్బును ఉంచుట. కోసిన కట్టలను త్రాగుటకు తగిన నీటితోనే కడిగి, నేలమీద గాక తట్టలలో పెట్టుట. అంగడిలో ఒక కుళాయి, ఒక అరుగు కావలెనని పురపాలక సంఘములను మన సంఘములు గట్టిగ అడుగుట. వీనిలో ఏది మొదట చేయవలెనో పరీక్ష చెప్పును. డబ్బు అక్కడనే పెట్టవచ్చును. అందుచేతనే పరీక్షకు పెట్టిన రూకలు వ్యర్థము కావని మా వాదము.

ఈ పద్ధతి సహకారోద్యమమునకు క్రొత్తది కాదు. పూర్వపు కరీంనగరు జిల్లాలోని ముల్కనూరున 1956లో కాపులు కూడి స్థాపించుకొనిన సంఘము నేటికిని మనకు ఆదర్శముగ నిలిచియున్నది. అచ్చటి స్త్రీలు తరువాత తమ పాలసంఘమును నెలకొల్పుకొనిరి. పాలసంఘములలో ప్రతి యింటి పాలకును వెన్న పరీక్షింపక వెల కట్టరు. ఆ పరీక్షను అవమానమని తలచినవారు నేడు లేరు. అదియే పాలకు వెలయు, సంఘమునకు పేరును తెచ్చినది. నేలపరీక్షకు మట్టి నిచ్చుటయు మన కాపులకు అలవాటైనది. మట్టిని చూచితిమి, పాలను చూచితిమి. నోటిలోనికి పోవు ఆకును చూచుటకు సందేహమేల?

కావున జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములందలి సంఘములు రాబోవు సర్వసభ్య సమావేశములలో మూడు తీర్మానములు చేయవలెనని కోరుచున్నాము. మొదటిది, ఆకుకూర కాపుల పట్టికను సిద్ధపరచి, ఎవరు ఏ నీటితో పండించుచున్నారో వ్రాసికొనుట. రెండవది, సమీపమునందలి కళాశాలతో రుసుము నిర్ణయించుకొని, కొత్తిమీర, పుదీనాలతో పరీక్ష ప్రారంభించుట. మూడవది, దోషము కనబడిన సభ్యునికి తోడ్పడుటకు చిన్ననిధి నేర్పరచుట. ఇందులో ఏదియు ఒక్క కాపునకు సాధ్యముకాదు. ఏదియు సంఘమునకు అసాధ్యము కాదు. మన బిడ్డలు తినుటకు మనము వెనుదీయని కూరనే పరుల బిడ్డలకు అమ్మితిమని ధైర్యముగ చెప్పగలిగిననాడు, ఆ మాటయే మన కట్టలకు అన్నిటికంటె మంచి ముద్ర.

— ఒక వ్యవసాయ ప్రదర్శకుడు